శాంతి గురించి రాసే తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన పదకొండు కవితలూ రెండుసార్లు చదివాను. లయ మీద నీకు పట్టుంది. కానీ వాటిలో ఆరింటిలో తెల్ల పావురం ఎగిరింది, మనిషి మాత్రం ఎక్కడా కనిపించలేదు. అందుకే ఈ ఉత్తరం.

నీకు మ్యాటీ స్టెపానెక్ గురించి చెప్పాలి. 1990లో అమెరికాలో పుట్టిన పిల్లాడు. కండరాలను కుంగదీసే అరుదైన జన్యువ్యాధి అతనిది. ఊపిరి తీసుకోవడం లాంటి పనులు కూడా శరీరం తనంతట తాను సరిగ్గా చెయ్యలేదు. తనకంటే ముందు పుట్టిన ముగ్గురూ ఆ జబ్బుతోనే పోయారు. తల్లికీ అదే వ్యాధి, కాకపోతే ఆమెలో పెద్దయ్యాక బయటపడింది. అన్న జేమీ చనిపోయాక, ఆ బాధ తట్టుకోవడానికి, మూడేళ్ల వయసులో కవితలు చెప్పడం మొదలుపెట్టాడు మ్యాటీ. చూశావా, అతను ప్రపంచశాంతితో మొదలుపెట్టలేదు. నిన్నటిదాకా ఇంట్లో ఉండి ఇవాళ లేకుండా పోయిన అన్నతో మొదలుపెట్టాడు.

శాంతి ఆ తర్వాత, అక్కడినుంచే వచ్చింది. ప్రతి మనిషిలోనూ ఒక పాట ఉంటుందని నమ్మి, దాన్ని హార్ట్‌సాంగ్ అన్నాడు. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత అతను రాసిన కవిత వెతికి చదువు. అప్పటికి పదకొండేళ్లు. అందులో శత్రువు మీద శాపనార్థాలు లేవు. ఎదుటివాళ్లని నొప్పించే మాట అనేముందు, పని చేసేముందు, ఒక్క క్షణం ఆగమంటాడు. అంతే. పిల్లలకు అర్థమయ్యే మాట, పెద్దవాళ్లకు చేతకాని పని!

అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌తో మాట్లాడాలని కోరుకున్నాడు, మాట్లాడాడు. తర్వాత ఇద్దరూ శాంతి గురించి ఉత్తరాలు రాసుకున్నారు. ఒకరు 2002లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న మనిషి, ఇంకొకరు ఆక్సిజన్ గొట్టంతో చక్రాల కుర్చీలో కూర్చున్న పిల్లాడు. 2004 జూన్‌లో, పద్నాలుగో పుట్టినరోజుకి కొద్ది వారాల ముందు మ్యాటీ చనిపోయాడు. అంత్యక్రియల్లో మాట్లాడిన కార్టర్, తనకు తెలిసినవాళ్లందరిలోకీ అసాధారణమైన వ్యక్తి మ్యాటీయేనన్నాడు. నాకు ఎప్పుడు గుర్తొచ్చినా గొంతు పట్టేస్తుంది.

బతికుండగానే అయిదు కవితా సంపుటాలు బెస్ట్‌సెల్లర్లయ్యాయి. శాంతి మీద అతను రాసుకుంటూ వచ్చినది, కార్టర్‌తో నడిచిన ఉత్తరాలతో కలిపి, 2006లో పుస్తకంగా వచ్చింది. మేరీల్యాండ్‌లోని రాక్‌విల్‌లో అతని పేరున పార్కు ఉంది. అక్కడి కంచు విగ్రహంలో అతని పక్కనే, అతనికి సాయంగా ఉండే కుక్క మైకా కూడా ఉంటుంది. నాకు ఆ కుక్క ఉండటమే నచ్చింది. తనను కవిగా, శాంతిదూతగా, ఆటలాడుకున్న తత్వవేత్తగా గుర్తుంచుకోవాలని కోరుకున్న పిల్లాడు కదా! జబ్బు చూసి జాలితో చదివారులే అనేవాళ్లుంటారు. జాలి ఒక పుస్తకాన్ని కొనిపిస్తుందేమో, ఇన్నేళ్లు గుర్తుండేలా చెయ్యదు.

ఇక నీ సంగతి. తొమ్మిదో కవితలో, మీ సొంత అన్నకీ నీకూ రెండేళ్లుగా మాటల్లేవని ఒక్క లైన్ రాసి, వెంటనే యుద్ధ ట్యాంకుల్లోకి వెళ్లిపోయావు. ఎందుకు తమ్ముడూ అంత కంగారు? ట్యాంకుల్ని నువ్వు టీవీలో చూశావు. అన్న మౌనాన్ని మాత్రం భోజనం దగ్గర ఎదురుగా కూర్చుని చూశావు. ఆ లైన్ దగ్గరే ఆగు. చివరిసారి ఏ మాట దగ్గర తెగిందో, అప్పుడు నువ్వేమన్నావో రాయి. ముఖ్యంగా నువ్వేమన్నావో.

పూర్తయ్యాక ముందు నాకు కాదు, మీ అన్నకి చూపించు.

ప్రేమతో,
మీ అన్నయ్య