బొమ్మలు అమ్మడం మొదలుపెడుతున్న అమ్మాయికి

చి॥ అమ్మలూ,

నువ్వు పంపిన పెన్సిల్ బొమ్మలు చూశాను. పోలిక చక్కగా పడుతోంది, కళ్లలో తడి మెరుపు కూడా నిలిచింది. ఇక అమ్మకం సంగతి మాట్లాడుకుందాం.

"భలే ఉంది" అన్నవాళ్లంతా కొంటారని లెక్క వేసుకోకు. మన ఊళ్లలో బొమ్మ కొనేవాళ్లకు దాదాపు ఎప్పుడూ ఒక సందర్భం ఉంటుంది: నాన్న సంవత్సరీకం, అమ్మానాన్నల షష్టిపూర్తి, అక్క గృహప్రవేశం, మాస్టారి రిటైర్మెంటు. డాలస్‌లో ఉన్న కొడుకు తెనాలిలో ఉన్న తల్లికి ఏదైనా పంపాలనుకుంటాడు. వాళ్లకు కావలసింది ఒక ముఖం, ఒక తేదీకి. కాబట్టి మొదటి ఏడాది నచ్చిన దృశ్యాలు గీసి కొనేవాళ్ల కోసం ఎదురుచూడకుండా, అడిగి గీయించుకునే ముఖచిత్రాల (పోర్ట్రెయిట్ల) మీదే నిలబడు.

ఈ పనిలో సగం గొడవలు ఫొటో దగ్గరే పుడతాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటోలో వివరాలు పోయి వస్తుంది. "డాక్యుమెంట్‌గా పంపండి" అని అడుగు. నుదుటి నుంచి గడ్డం దాకా వెయ్యి పిక్సెళ్లయినా ఉంటే కనురెప్పలు తెలుస్తాయి. పోయినవాళ్లకు చాలాసార్లు పెళ్లి గ్రూపు ఫొటో ఒక్కటే ఉంటుంది. అప్పుడు ఇంకో రెండు ఫొటోలు అడుగు, లేవంటే పోలిక ఎంతవరకు తేగలవో ముందే చెప్పు. పాత ఫొటో ఫ్రేము అద్దానికి అంటుకుపోయి ఉంటే పీకొద్దని చెప్పు, చిరిగిపోతుంది. నీడలో పెట్టి, అద్దంలో వెలుతురు పడకుండా అద్దం పైనుంచే తీయమను. సెల్ఫీలు కొన్నిసార్లు అద్దంలోలా కుడిఎడమలు తారుమారై ఉంటాయి. పైట కుడి భుజం మీద కనిపించినా, చొక్కా జేబు కుడివైపు ఉన్నా ఫొటో తిప్పాలి. ముక్కుపుడక ఏ వైపో తప్పకుండా అడుగు. అది అటుది ఇటయితే ఇంట్లోవాళ్లకు ఆ ముఖం పరాయిదిగా కనిపిస్తుంది, ఎందుకో వాళ్లు చెప్పలేరు కూడా.

ధర గంటల లెక్కన కట్టు. ఉదాహరణకు ఏ4 సైజులో ఒక ముఖానికి ఎనిమిది గంటలు పడుతుందనుకో. గంటకు 150 చొప్పున 1,200. కాగితం, పెన్సిళ్లు 80, ప్యాకింగ్ 100, పోస్టు 120. మొత్తం 1,500. ఫ్రేము విడిగా. రెండు ముఖాలకు రెట్టింపు అక్కర్లేదు, ఒకటిన్నర రెట్ల పైన తీసుకో, ఎందుకంటే ప్యాకింగు, పోస్టు ఖర్చు రెట్టింపు కాదు. కానీ రెండు ముఖాలకు ఏ4 చాలదు, ఏ3కి వెళ్లు. చుట్టాలకు తగ్గించాలనిపిస్తే "ధర ఇది, మీకు ఇంత తగ్గింపు" అని రెండూ చెప్పు. లేకపోతే తగ్గించిన ధరే నీ ధరగా ఊరంతా పాకుతుంది.

సగం డబ్బు ముందు తీసుకోందే గీత గీయకు. మిగతా సగం, బొమ్మ ఫొటో చూపించాక, పంపేముందు. పెన్సిల్ గీత లేతగా ఉన్నప్పుడు ఒకసారి చూపించి, మార్పులేమైనా ఉంటే అప్పుడే చెప్పమను. నీడలు దిద్దాక ముక్కు జరపమంటే కాగితం పాడవుతుంది. ఈ మాటలన్నీ ఒకే మెసేజ్‌లో రాసి, "సరే" అని జవాబు వచ్చాకే మొదలుపెట్టు. ఇంకో జాగ్రత్త: డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. "ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే మీకు డబ్బు పడుతుంది" అన్నవాడు దొంగ.

హక్కుల సంగతి చాలామంది పట్టించుకోరు, నువ్వు పట్టించుకో. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి గీయించుకున్న ముఖచిత్రం మీద కాపీరైట్, వేరే ఒప్పందం లేకపోతే, గీయించుకున్నవాళ్లదే. నీ ఇన్‌స్టాగ్రామ్ పేజీలో పెట్టుకోవాలన్నా ముందే అనుమతి రాయించుకో. పోయినవాళ్ల బొమ్మ విషయంలో ఇంకా ముఖ్యం. సినిమా స్టిల్స్ చూసి గీసినవి అమ్మడం కూడా చిక్కే, ఆ ఫొటో ఇంకొకరిది. బాపు బొమ్మలకు ఎప్పుడూ గిరాకీయే గానీ, ఆయన పోయింది 2014లో. కళాకారుడు పోయాక 60 ఏళ్లదాకా హక్కు ఉంటుంది కాబట్టి, 2074 చివరిదాకా వాటి నకళ్లు అనుమతి లేకుండా అమ్మకూడదు. రవివర్మ 1906లో, రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో పోయారు, వాళ్ల చిత్రాలు చూసి గీసి అమ్మొచ్చు. అయితే ఎవరి చిత్రానికి నకలో వెనకాల రాయి.

కాగితం యాసిడ్ లేనిది, 200 జీఎస్ఎంకు (చదరపు మీటరుకు గ్రాముల బరువు) తగ్గనిది వాడు. మామూలు డ్రాయింగ్ పుస్తకం కాగితం కొన్నేళ్లకే పసుపెక్కుతుంది, అప్పుడు పోయేది నీ పేరే. బొమ్మ, సంతకం అన్నీ అంచు నుంచి 2 సెంటీమీటర్లు లోపలే ఉండాలి, మౌంటు (ఫ్రేములో బొమ్మ చుట్టూ పెట్టే అట్ట) కింద అంచు కొంత పోతుంది. ఫిక్సేటివ్ (పెన్సిల్ చెరగకుండా కొట్టే స్ప్రే) ఒక అడుగు దూరం నుంచి, పది నిమిషాల ఎడంతో రెండు పల్చటి పూతలు కొట్టు. ముసురు పట్టిన రోజున కొడితే తెల్లటి పొర కడుతుంది. హెయిర్ స్ప్రే మాత్రం వద్దు, తర్వాత పసుపెక్కుతుంది.

ఫ్రేము అడిగితే ఏ4 బొమ్మకు 12×16 అంగుళాలు, ఏ3కి 16×20. చుట్టూ దాదాపు రెండు అంగుళాల మౌంటు వస్తుంది. మౌంటు అందానికే కాదు, అద్దం బొమ్మను తాకకుండా ఉండటానికి. తాకితే మన వానాకాలం చెమ్మకు కాగితం అద్దానికి అంటుకుంటుంది. పోస్టులో పంపేదానికి అద్దం వద్దు, యాక్రిలిక్ షీటు వేయించు.

ఫ్రేము లేకుండా పంపేటప్పుడు బొమ్మ మీద బటర్ పేపరు, దాని మీద వానకు ప్లాస్టిక్ కవరు, అటూ ఇటూ అట్టలు. ఒక అట్ట లోపలి ముడతల గీతలు నిలువుగా, రెండోది అడ్డంగా పెట్టు, అప్పుడు ఎటు వంచినా వంగదు. అట్టలు బొమ్మకంటే చుట్టూ అంగుళం పెద్దవి కావాలి, ముందుగా నలిగేవి మూలలే. పెన్సిల్ బొమ్మను చుట్టి గొట్టంలో పంపకు, రాసుకుని మసకవుతుంది.

ప్రింట్ల ఆలోచన రెండో ఏడాది. అప్పటిదాకా కూడా ప్రతి బొమ్మనూ, ఇచ్చేసే ముందు, 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేసి దాచుకో. 300లో చేసిన ఏ4ని ఏ3కి పెంచితే గీత పల్చబడుతుంది. సంఖ్య పెట్టి అమ్మేవాటికి ఎడమవైపు కింద 3/25 (ఇరవై ఐదింటిలో మూడోది) అని పెన్సిల్‌తో, కుడివైపు సంతకం. ఇరవై ఐదు అన్నాక ఇరవై ఆరోది వేయకూడదు. ముఖచిత్రాల ప్రింట్లు మాత్రం పైన చెప్పిన అనుమతి లేనిదే వద్దు.

సంతల్లో బెంగళూరు చిత్రసంతె మంచిది. కర్ణాటక చిత్రకళా పరిషత్తు ఏటా జనవరి ప్రాంతంలో ఒక ఆదివారం కుమారకృప రోడ్డు మీద పెడుతుంది, దరఖాస్తు కొన్ని నెలల ముందే చేయాలి. అక్కడికి వంద రూపాయల కార్డు నుంచి రెండు వేల బొమ్మ దాకా మూడు మెట్ల ధరలతో వెళ్లు. గ్యాలరీలు అమ్మకంలో మూడో వంతు నుంచి సగం దాకా కమీషన్ తీసుకుంటాయి, అయినా గోడ మీద ఒక ధర, నీ దగ్గర ఇంకో ధర ఉండకూడదు. తెలిస్తే మళ్లీ పిలవరు.

ఆషాఢంలో పెళ్లిళ్లు, గృహప్రవేశాలు ఉండవు, ఆర్డర్లూ పల్చబడతాయి. ఆ నెలలో మూడు నమూనాలు గీసి పెట్టుకో: ముడతలున్న ముసలాయన ముఖం, పట్టుచీరలో నడివయసు ఆవిడ, నవ్వుతున్న చంటిపిల్ల. ఒక్కోదాని పక్కన చూసి గీసిన ఫొటో, సైజు, ధర, పట్టే రోజులు రాసి ఉంచు. శ్రావణం మొదటి వారంలో ఫోన్లు వస్తాయి, అవి చూపించు.

ఆశీస్సులతో,
మీ బాబాయి