పెన్నా ఇసుకలో మనిషి ఆకారం గీసిన అమ్మాయి ఏం చదవాలి?

ప్రశ్న: మాది తాడిపత్రి దగ్గర పల్లె. నేను బండల పాలిషింగ్ ఫ్యాక్టరీలో పని చేస్తాను. రెండెకరాల్లో వేరుశనగ వేస్తాం. మా పాప ఈ ఏడాది ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్ రాసింది కానీ సీటు వచ్చే ర్యాంకు కాదు. అప్పు చేసి లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు పంపుతానంటే వద్దంటోంది, బొమ్మల చదువు చదువుతానంటోంది. ఆ బొమ్మలైనా మామూలువి కావు. పక్కటెముకల మధ్య నుంచి వేర్లు దిగినట్టు, వెన్నెముకకు ఆకులు మొలిచినట్టు గీస్తుంది. మొన్న ఎండిన పెన్నాలో, ఇసుకలో పడుకుని లేచి, ఆ గుంతలో వేరుశనగ పొట్టు నింపి, చెల్లెలి చేత ఫొటో తీయించుకుంది. చూసినవాళ్లు పాపకు ఏమైనా పట్టిందా అని అడుగుతున్నారు. నా చేతులను కూడా గీసింది, రాతిలో చారలు ఉన్నట్టుగా. ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను, ఎందుకో పారేయలేకపోయాను. ఇదసలు చదువేనా? తిండి పెడుతుందా?
– ఒక తండ్రి, అనంతపురం జిల్లా

జవాబు: అన్నగారూ, మీ పాపకు ఏమీ పట్టలేదు. ముందు ఈ మాట మీ ఇంట్లో అందరి ముందూ చెప్పండి. ఇరుగుపొరుగు మాటలు ఆ పిల్ల చెవిన కూడా పడుతూనే ఉంటాయి కదా.

ఇసుకలో తను చేసిన పనిని దాదాపు యాభై ఏళ్ల కిందట ఆనా మెండియేటా అనే కళాకారిణి చేసింది. ఆమె 1948లో క్యూబాలో పుట్టింది. 1961లో, పన్నెండేళ్ల వయసులో, తల్లిదండ్రులు తోడు లేకుండా అమెరికాకు చేరింది. ఊరు, ఇల్లు, భాష అన్నీ ఒక్కసారిగా దూరమయ్యాయి. పెద్దయ్యాక చిత్రకళ చదువుకుని, 1973 నుంచి 1980 వరకు అమెరికాలోని అయోవాలో, మెక్సికోలో నేల మీద తన శరీరం ఆకారాన్ని ముద్రిస్తూ పోయింది. ఒకచోట మట్టిలో గుంతగా, ఒకచోట పూలతో, ఇంకొకచోట నిప్పుతో. వాన వచ్చి, గాలి వీచి, గడ్డి మొలిచి అవన్నీ చెరిగిపోయాయి. మిగిలినవి ఫొటోలు, చిన్న చిన్న ఫిల్ములే. ఇప్పుడు కళాశాలల్లో పాఠంగా చెప్పేది వాటినే. మీ పాప ఆమె పేరు విని ఉంటుందని నేను అనుకోను. వినకుండానే అక్కడికి చేరిందంటే, నాకు అది చాలా విలువైన సంగతి.

ఆమె ఒక్కతే కాదు. ఇటలీలో జుసెప్పె పెనోనె 1968లో పెరుగుతున్న ఒక చెట్టు కాండానికి లోహంతో చేసిన తన చెయ్యిని బిగించాడు. చెట్టు ఏటికేడాది లావెక్కింది, ఆ చెయ్యి పట్టిన చోట మాత్రం ఎదగలేదు. బ్రిటన్‌లో ఆండీ గోల్డ్స్‌వర్దీ వాన మొదలవుతుండగా నేల మీద వెల్లకిలా పడుకుంటాడు. చుట్టూ తడిశాక లేస్తే, పొడిగా మిగిలిన నేల మీద మనిషి ఆకారం కాసేపు కనిపిస్తుంది. మన దేశంలో మృణాళినీ ముఖర్జీ (1949–2015) బరోడాలో చదువుకుని, నార తాళ్లకు వేల ముడులు వేసి నిలువెత్తు శిల్పాలు చేసింది. వాటిని చూస్తే దేవతా, చెట్టా, విచ్చుకుంటున్న పువ్వా తేల్చుకోలేం. ఆమె పోయిన నాలుగేళ్లకు, 2019లో, న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం ఆమె జీవితకాలపు పనిని ఒకచోట చేర్చి ప్రదర్శించింది.

ఇంత దూరం వెళ్లనవసరం కూడా లేదు. పొలంలో మీరు రోజూ వాడే మాటలే చూడండి. వరి పొట్టకొచ్చింది అంటాం. గింజ పాలు పోసుకుంటోంది అంటాం. చెరకు నాటేటప్పుడు మూడు కళ్ల ముచ్చెలు కావాలంటాం. అరటి గెలలో ఉండేవి హస్తాలు. ఏటికీ పాయే, జడకూ పాయే. మన రైతు ఎన్నడూ పైరును మనిషి ఒంటి నుంచి వేరు చేసి మాట్లాడలేదు. మీరు నోటితో అనే మాటను మీ పాప పెన్సిల్‌తో అంటోంది, అంతే.

కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమానును మీరు చూసే ఉంటారు. తిమ్మమ్మ చితి దగ్గర పాతిన గుంజ చిగురించి ఆ చెట్టు అయిందని కథ. సహగమనాన్ని నేను ఏనాడూ సమర్థించను, ఆ కథ వింటే నాకు గుండె బరువెక్కుతుంది. అయినా ఒక మనిషి చెట్టుగా మారి ఎకరాల మేర నీడ పరిచిందనే ఊహ మన సీమ నేల మీదే పుట్టింది. అంత విస్తారంగా కొమ్మలు పరుచుకున్న చెట్టుగా 1989లో అది గిన్నిస్ రికార్డుకూ ఎక్కింది. మీ ఊరికి దగ్గర్లోనే, పెన్నా ఒడ్డున, బుగ్గ రామలింగేశ్వరుడి గుడి ఉంది. ఆ నల్లరాతి పనిని మీ పాపను ఒక పూటంతా కూర్చుని గీయమనండి. విజయనగర కాలపు గోపుర ద్వారాల దగ్గర తీగ పట్టుకుని నిలబడిన స్త్రీ మూర్తులు ఉంటాయి. ఆ నడుము వంపు, ఆ తీగ వంపు ఒకే చెయ్యి ఒకే ఊపులో చెక్కినట్టు ఉంటాయి. ఆ శిల్పులు మీకు దగ్గరివాళ్లే. రాయి ఏ పొర దగ్గర పగులుతుందో వాళ్లకూ తెలుసు, మీకూ తెలుసు.

ఇక చదువు. ఇంటర్ ఏ గ్రూపుతో పాసైనా చేరగలిగిన నాలుగేళ్ల డిగ్రీ ఉంది, బీఎఫ్ఏ (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) అంటారు. కడపలోనే డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది, 2020లో ఏర్పడింది. పెయింటింగ్, శిల్పం, అప్లైడ్ ఆర్ట్, యానిమేషన్ లాంటి విభాగాలు ఉన్నాయి. ప్రవేశ పరీక్ష పెడతారు. తాడిపత్రిలో రైలెక్కితే నేరుగా కడపలో దిగవచ్చు, ఆడపిల్ల చదువు విషయంలో ఇది చిన్న సౌకర్యమేమీ కాదు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఉన్నాయి. ధైర్యం ఉంటే బరోడాలోని ఎంఎస్ యూనివర్సిటీ, శాంతినికేతన్‌లోని కళాభవన్ కూడా ప్రయత్నించాలి. ఇలాంటి పనికి ఈ రెండు చోట్లా మంచి నేపథ్యం ఉంది. చివరి తేదీలు, ఫీజులు ఏటా మారుతుంటాయి కాబట్టి ఆయా నోటిఫికేషన్లలోనే చూసుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందో లేదో చేరకముందే కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

ఒక విషయం ముందే చెబుతాను, తర్వాత మీరు ఉలిక్కిపడకూడదు. ఈ చదువులో మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి గీయడం నేర్పుతారు. మెడ కింద ఎముక ఎక్కడ మొదలవుతుంది, నిలబడినప్పుడు బరువు ఏ కాలి మీద పడుతుంది, ముసలివారి చర్మం మోచేతి దగ్గర ఎలా ముడుచుకుంటుంది, ఇవన్నీ గంటల తరబడి చూసి గీయాలి. డాక్టరు చదువులో శవాన్ని కోసి నేర్చుకుంటే మనం చేతులెత్తి మొక్కుతాం. చిత్రకారిణి బతికున్న శరీరాన్ని శ్రద్ధగా చూసి నేర్చుకుంటుంది. నా దృష్టిలో రెండూ సమానమైన మర్యాద ఉన్న పనులే.

మీ పాప బైపీసీ చదివిందంటున్నారు. ఆ రెండేళ్లు వృథా అయ్యాయని దిగులు పడకండి. నిజానికి అదే ఆమె బలం. వెన్నెముకకు ఆకులు గీసే పిల్లలు చాలామంది ఉంటారు. వెన్నెముకలో ఎన్ని పూసలుంటాయో, ఆకు ఈనెలు ఎలా చీలుతాయో తెలిసి గీసేవారు తక్కువ. వైద్య పుస్తకాలకు, శస్త్రచికిత్సలు వివరించడానికి బొమ్మలు గీయడం ఒక పూర్తి వృత్తి. దానికోసమే అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో 1911లో మాక్స్ బ్రోడెల్ అనే చిత్రకారుడు ఒక విభాగాన్ని ప్రారంభించాడు. మన దేశంలో ప్రత్యేక డిగ్రీలు అరుదు. ఫైన్ ఆర్ట్స్ చదివి, శరీర నిర్మాణం బాగా నేర్చుకుని, పని చేస్తూ అందులోకి వస్తుంటారు. మొక్కలను గీయడంలోనూ మన వాళ్ల చెయ్యి పాతదే. వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ 1795 నుంచి అచ్చు వేయించిన కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకంలో 300 బొమ్మలున్నాయి. వాటి మూల చిత్రాలు వేసింది భారతీయ చిత్రకారులే. వాళ్ల పేర్లు ఆ పుస్తకంతో పాటు నిలవలేదు. నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం అది.

తిండి గురించి అడిగారు. సూటిగా చెబుతాను. ఇసుకలో చేసిన ఆకారాలు, గ్యాలరీలో పెట్టిన శిల్పాలు మొదటి కొన్నేళ్లు ఇల్లు నడపవు. అలా నడుస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి. ఇల్లు నడిపేది పక్క పని. పాఠ్య పుస్తకాల బొమ్మలు, హైదరాబాద్‌లోని యానిమేషన్ స్టూడియోలు, మ్యూజియం ప్రదర్శనలు, సినిమాల ఆర్ట్ విభాగం, కేంద్రీయ విద్యాలయాలు, నవోదయల్లో ఆర్ట్ టీచరు పోస్టులు. డిగ్రీ చేతికొచ్చాక ఆమె పగలు ఇలాంటి పని చేసి, మిగిలిన సమయంలో సొంత పని చేసుకోవాలి. అలా రెండు మూడేళ్లు ఓపిక పట్టాల్సి వస్తుంది. చదువు కొంత సాగాక కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల యువ కళాకారులకు ఇచ్చే స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేయవచ్చు. నెలకు 5,000 రూపాయలు, రెండేళ్లపాటు ఇస్తారు. కొచ్చిలో 2012లో మొదలైన బినాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనకు అనుబంధంగా విద్యార్థుల కోసం వేరే ప్రదర్శన జరుగుతుంది. మట్టితో, నారతో, శరీరంతో పని చేసే పిల్లలకు అక్కడ చోటు దొరుకుతుంది.

అయినా మీకు భయం తీరకపోతే ఇంకో దారి ఉంది. ఈఏపీసెట్ రాసి బీఎస్సీ అగ్రికల్చర్‌లో చేరడం, బొమ్మలు పక్కన కొనసాగించడం. చెడ్డ దారి కాదు. కానీ మీ ఉత్తరంలో పాప గురించి రాసినదాంట్లో ఎక్కువగా చేతి పనే ఉంది, పరీక్షల ఊసు ఒక్కచోటే వచ్చింది. వద్దన్న పిల్లను అప్పు చేసి లాంగ్‌టర్మ్‌కు పంపడం మాత్రం నేను ఒప్పుకోను. ఆ డబ్బుతో కోచింగ్ సెంటరులో కొనేది ఒక ఏడాది మౌనం.

ప్రవేశ పరీక్షకు ముందు ఇంట్లో చేయగలిగిన పని చెబుతాను. ప్రవేశ పరీక్షల్లో సాధారణంగా ఎదురుగా పెట్టిన వస్తువును చూసి గీయమంటారు, జ్ఞాపకం నుంచి గీయమంటారు, రంగులతో ఒక కూర్పు చేయమంటారు. ఇసుక ఫొటోలు ఎంత బాగున్నా, ఎదురుగా పెట్టిన చెంబును సరిగ్గా గీయలేకపోతే సీటు రాదు. అందుకని రోజూ రెండు గంటలు చూసి గీయాలి. ఈ ఖరీఫ్‌లో మీ చేనులోంచి ఒక్క వేరుశనగ మొక్కను ఎంచుకోమనండి. మొలక నుంచి పెరికేదాకా వారానికోసారి గీయాలి, ప్రతిసారీ పక్కన తన చెయ్యినో, మీ చెయ్యినో అదే కొలతలో గీయాలి. పువ్వు పైన గాలిలో పూస్తుంది, ఊడ దిగి మట్టిలోకి వెళ్లి కాయ చీకట్లో తయారవుతుంది. శరీరానికీ మట్టికీ ఉన్న బంధం మీద బొమ్మలు వేసే పిల్లకు అంతకంటే మంచి పాఠం ఏ కళాశాలా ఇవ్వలేదు. పంట చేతికి వచ్చేసరికి పదిహేను, పదహారు బొమ్మలు తయారవుతాయి. పోర్ట్‌ఫోలియో (చేసిన పనుల ఫైలు) అడిగే చోట ఆ వరుస ఒక్కటే పది విడి విడి బొమ్మలకంటే ఎక్కువ చెబుతుంది.

వీలైతే ధర్మవరం దగ్గర నిమ్మలకుంటకు కూడా తీసుకెళ్లండి. తోలుబొమ్మల ఊరు. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేక చర్మాన్ని వెలుతురు దూరేంత పలచగా చేసి, మనిషిని భాగాలుగా కత్తిరించి, భుజం, మోచెయ్యి, నడుము దగ్గర దారంతో కడతారు. శరీరంలో కదలిక ఎక్కడ పుడుతుందో అక్కడ ఒక పూటలో అర్థమవుతుంది.

నది విషయంలో రెండు జాగ్రత్తలు. ఒంటరిగా వెళ్లనివ్వకండి. ఇసుక తవ్విన గుంతలున్న చోట్ల పడుకోవద్దని చెప్పండి, పైన వాన పడితే ఎండిన ఏరు కూడా నమ్మదగింది కాదు. ఫొటోలు ఎవరికి పంపాలో, ఎక్కడ పెట్టాలో పాపే నిర్ణయించుకోవాలి, ఊళ్లో ఫోన్లలో తిరగకూడదు. ఈసారి వెళ్లేటప్పుడు మీరే తోడు వెళ్లండి. కెమెరా మీరు పట్టుకోండి.

జేబులో ఉన్న ఆ కాగితాన్ని ఈ రాత్రికే బయటికి తీయండి. మడతలు మెల్లగా విప్పి, రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, పైన బరువుకు మీ ఫ్యాక్టరీ బండ ముక్క ఒకటి ఉంచండి. వారం తర్వాత తీసి, వెనక వైపు పాప చేతనే పెన్సిల్‌తో తేదీ రాయించండి. ఫైలులో మొదట పెట్టాల్సిన బొమ్మ అది.