సామాజిక మాధ్యమాలను ప్రభుత్వం నియంత్రించాలా?

వాట్సాప్, ఫేస్‌బుక్ వంటి వేదికలను ప్రభుత్వం నియంత్రించాలా అని అడిగారు. వాటిని నడిపే సంస్థల మీద అజమాయిషీ ఉండాలనీ, మనం రాసుకునే మాటల మీద పెత్తనం మాత్రం ప్రభుత్వానికి ఇవ్వకూడదనీ నా అభిప్రాయం.

2018లో నేను జోగులాంబ గద్వాల జిల్లాలో ఉపాధ్యాయుణ్ణి. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు, దోచుకుని చంపే పార్థీ గ్యాంగులు తిరుగుతున్నాయంటూ ఎక్కడివో తెలియని ఫొటోలు, ఆడియోలు ఆ వేసవంతా ఊరి గ్రూపుల్లో వచ్చిపడేవి. ఆరుబయట మంచాలు వేసుకునే జనం తలుపులు బిగించుకుని ఉక్కపోతలో పడుకున్నారు; కుర్రాళ్లు కర్రలతో కాపలా కాస్తూ, భిక్షానికి వచ్చిన కొత్త మనిషినల్లా నిలదీసేవారు. ఆ మే నెలలోనే హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను ఇదే అనుమానంతో గుంపు కొట్టి చంపింది. మా వైపు అంతటి ఘోరం జరగలేదంటే, అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరికీ పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి అవి పుకార్లని చెప్పించడమే కారణమని నేను నమ్ముతాను. జూలైలో మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడలో ఇదే అనుమానంతో గుంపు ఐదుగురిని చంపాక, కేంద్రం గట్టిగా నిలదీస్తేనే, వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డును ఒకేసారి ఐదు చాట్లకు పరిమితం చేసింది. అందుకు ఎవరి సందేశాన్నీ తెరిచి చదవవలసిన అవసరం రాలేదు.

ఈ వేదికలను నడిపే సంస్థలకు కేంద్రం పెట్టిన 2021 ఐటీ నిబంధనల్లో మేలూ ఉంది. మా పూర్వ విద్యార్థిని ఒకరి ఫొటోతో ఎవరో దొంగ ఖాతా తెరిస్తే, ఆమె ఎన్నిసార్లు రిపోర్టు చేసినా జవాబు రాలేదు; అటువంటి ఫిర్యాదుపై 24 గంటల్లో చర్య తీసుకోవాలని అప్పుడున్న నియమాన్ని ఉదహరిస్తూ, ఆ సంస్థలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ అధికారికి రాయించాక మర్నాడే ఖాతా పోయింది. సందేశాన్ని మొదట పంపిందెవరో చెప్పాలన్న నియమం మాత్రం నాకు మింగుడుపడదు. ఆ ఒక్కరిని చూపడానికి అందరి సందేశాల గోప్యతకూ గండి పడుతుందన్న వాట్సాప్ వాదన నాకు సబబుగానే తోస్తుంది. (ఆనాడు మొదటివాణ్ణి పట్టుకున్నా మా ఊళ్లో కర్రలు దిగేవి కావు.)

మాటల మీద అధికారమిస్తే ఏమవుతుందో, అభ్యంతరకరమైన ఆన్‌లైన్ రాతలను నేరంగా చూసిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్ చూపించింది. 2012లో ముంబయి బంద్‌ను ప్రశ్నించిన పోస్టుకు, దాన్ని లైక్ చేసినందుకు పాల్ఘర్‌లో ఇద్దరు యువతులను అరెస్టు చేశారు. ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లో కొట్టివేసింది. అదే చట్టంలోని 69ఎ సెక్షన్ కింద పోస్టులను ఆపమని ప్రభుత్వం ఇచ్చే నిరోధ ఉత్తర్వులు నేటికీ గోప్యమే. ఏ పోస్టును ఎందుకు ఆపారో కనీసం రాసినవారికైనా తప్పక చెప్పే ఏర్పాటు వచ్చేవరకు, ఆ అధికారాన్ని ఇంకా పెంచమని నేను అడగను.