టైనీ హౌస్ కొనాలనుకునేవాళ్ళు ముందు స్థలం సంగతి చూడండి

అమెరికా వచ్చి రెండు మూడేళ్ళయి, చేతిలో కాస్త డబ్బు కూడగానే మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్న ఇది. "పెద్ద ఇల్లు కొనే స్తోమత ఇంకా లేదు. రెండు మూడు వందల చదరపు అడుగుల టైనీ హౌస్ ఒకటి కొని అద్దెకిస్తే ఎలా ఉంటుంది? కొన్నాళ్ళు ఉంచి అమ్మేసినా లాభమేగా?" ఆలోచన మంచిదే. కానీ విలువ పెరిగేది స్థలానికి, ఆ స్థలంలో మనుషులు కాపురం ఉండొచ్చని సిటీ ఇచ్చే అనుమతికి. ఈ రెండూ లేకుండా ఇంటిని మాత్రమే కొంటే పెట్టుబడి నిలబడదు.

ముందుగా చక్రాల మీద ఉండే ఇళ్ళ సంగతి. స్పెషల్ పర్మిట్ లేకుండా రోడ్డు మీద లాక్కెళ్ళాలంటే వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు దాటకూడదు కాబట్టి ఇవన్నీ సన్నగా, పొడుగ్గా ఉంటాయి. లోపల ఎంత ముచ్చటగా ఉన్నా చాలాచోట్ల చట్టం లెక్కలో ఇవి ఆర్‌వీలే, అంటే విహారయాత్రలకి వాడే వాహనాలే. హోమ్ లోన్ రాదు. ఆర్‌వీ లోనో పర్సనల్ లోనో తీసుకోవాలి, వడ్డీ ఎక్కువ, గడువు తక్కువ. కారులాగే ఏటికేడాది ధర తగ్గుతుంది. పైగా చాలా ఊళ్ళలో ఆర్‌వీ పార్కుల్లో తప్ప సొంత స్థలంలో పెట్టుకుని ఏడాదంతా ఉండనివ్వరు. చూడ్డానికి వెళ్ళినప్పుడు తలుపు పక్కన ఆర్‌వీఐఏ (ఆర్‌వీ తయారీదారుల సంఘం) ముద్ర ఉందో లేదో చూడండి, యాజమాన్యం చూపే టైటిల్ కాగితం అడగండి. ఆ ముద్ర లేకపోతే చాలా పార్కులు రానివ్వవు, ఇన్సూరెన్సు దొరకడమూ కష్టమే. రేపు మీ దగ్గర కొనేవాడికీ ఇవే ఇబ్బందులు. చేతిలో నగదు, ఇల్లు పెట్టుకోవడానికి చోటు రెండూ ఉన్న మనిషి దొరికితే తప్ప అది అమ్ముడుపోదు. అందుకే తిరిగి అమ్మే ఉద్దేశంతో చక్రాల ఇల్లు కొనొద్దని గట్టిగా చెబుతాను.

పునాది మీద కట్టేవి వేరు. ఇళ్ళ కట్టుబడి నియమాల పుస్తకం ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ 2018 సంచికలో వీటి కోసం ప్రత్యేకంగా ఒక అనుబంధం చేర్చారు. పడుకోవడానికి పైన కట్టే అటక కాకుండా 400 చదరపు అడుగులు, అంతకంటే తక్కువ ఉంటే టైనీ హౌస్. పైకప్పు ఎత్తు 6 అడుగుల 8 అంగుళాలున్నా చాలు. అయితే మీ రాష్ట్రమో, మీ సిటీయో ఆ అనుబంధాన్ని స్వీకరించి ఉండాలి. స్వీకరించినా జోనింగ్, అంటే ఏ స్థలంలో ఏం కట్టొచ్చనే సిటీ నియమాల గొడవ వేరే ఉంటుంది. ఇంత వైశాల్యం కంటే చిన్న ఇల్లు కట్టకూడదనే నియమం చాలాచోట్ల ఉంది. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) ఉంటే వాళ్ళ నిబంధనలు దీనికి అదనం.

చిన్న ఇల్లు కదా, ఖర్చూ చిన్నదే అనుకోవద్దు. ఇంట్లో అసలు ఖర్చంతా వంటగదిలో, బాత్రూంలో, వాటర్ హీటర్లో, కరెంటు ప్యానెల్లో, డ్రైనేజీ కనెక్షన్‌లో ఉంటుంది. టైనీ హౌస్‌లో ఇవన్నీ ఉండాల్సిందే. తగ్గేది హాలు, పడగ్గదుల ఖాళీ జాగా. కట్టుబడిలో చవగ్గా అయ్యే భాగం అదే. అందుకే చదరపు అడుగుకి ధర మామూలు ఇంటికంటే ఎక్కువ పడుతుంది. ఆన్‌లైన్‌లో అమ్మే మడతపెట్టే ఇళ్ళ వీడియోలు చూసి మురిసిపోయేవాళ్ళు పునాది, క్రేన్, కనెక్షన్లు, పర్మిట్లు ఆ ధరలో ఉన్నాయో లేవో చూసుకోండి. ఊరికి దూరంగా చవగ్గా వచ్చే స్థలాల్లో ఇంకో చిక్కు ఉంది. సీవర్ లైన్ లేనిచోట సెప్టిక్ ట్యాంకు కావాలి. పెర్క్ టెస్టులో నేల నీళ్ళు పీల్చుకోవట్లేదని తేలితే మామూలు సెప్టిక్‌కి ఒప్పుకోరు.

నన్నడిగితే ఉద్యోగం చేసుకునేవాళ్ళకి మేలైన దారి, మీరుండే ఇంటి పెరట్లో ఏడీయూ, అంటే అదనంగా ఒక చిన్న ఇల్లు కట్టి అద్దెకివ్వడం. కాలిఫోర్నియా దీనికి బాగా తలుపులు తెరిచింది. దరఖాస్తు పూర్తిగా ఇచ్చాక సిటీ 60 రోజుల్లో తేల్చాలి. పక్కన, వెనక స్థలం హద్దు నుంచి నాలుగడుగులు వదిలితే చాలు. 750 చదరపు అడుగుల లోపు ఉంటే రోడ్లు, పార్కుల్లాంటి సదుపాయాల కోసం వసూలు చేసే ఇంపాక్ట్ ఫీజు కూడా లేదు. ఏడీయూని కాండోలా (అపార్ట్‌మెంటు ఫ్లాటులా) విడిగా అమ్ముకోవడానికి సిటీలు అనుమతించవచ్చని 2023లో చట్టం చేశారు, శాన్ హోసే ఆ వెసులుబాటు తెచ్చింది కూడా. అలాంటి అనుమతి లేనిచోట్ల ఏడీయూని ఇంటితో కలిపే అమ్మాలి కాబట్టి దాన్ని అద్దె కోసం కట్టుకోండి.

అద్దెలో కూడా రోజువారీ అద్దెల మీద ఆశ పెట్టుకుని లెక్కలు వేయకండి. న్యూయార్క్ నగరంలో 30 రోజుల లోపు అద్దెకిస్తే యజమాని కూడా అక్కడే ఉండాలనే నియమాన్ని 2023 సెప్టెంబరు నుంచి గట్టిగా అమలు చేస్తున్నారు. కాలిఫోర్నియాలోనూ చాలా సిటీలు ఏడీయూలని 30 రోజుల లోపు ఇవ్వనివ్వవు. నెలవారీ అద్దెతోనే గిట్టుబాటయితేనే దిగండి.

వాడిన ఇల్లయితే అటక ఎక్కి పరుపు ఎత్తి అడుగుభాగం చూడండి. చలికాలంలో కిటికీలు మూసుకుని ఇద్దరు పడుకుంటే ఊపిరి తేమంతా పైకి చేరి, చల్లటి చెక్క మీద పరుపు కింద నీరవుతుంది. అక్కడ నల్లటి మచ్చలుంటే బూజు పట్టినట్టే. గాలి బయటికి పంపే ఫ్యాన్ సరిగా లేని టైనీ హౌస్‌లో అద్దెకున్నవాళ్ళు ఎక్కువకాలం నిలవరు.

ఇక వీసా. ఇది మనవాళ్ళలో చాలామంది పట్టించుకోరు, నాకు దిగులంతా ఇక్కడే. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు ఇల్లు కొనొచ్చు, దాన్ని అద్దెకివ్వొచ్చు. కానీ స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప పని చేయకూడదు. వరసగా ఇళ్ళు కొని బాగుచేసి అమ్మితే ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) దాన్ని వ్యాపారంగా చూసి సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ పన్ను అడగొచ్చు. ఆ పన్ను కట్టారంటే స్వయం ఉపాధి ఉందని కాగితం మీద మీరే రాసిచ్చినట్టు. రోజువారీ అద్దెల్లోనూ ఇదే తంటా. పన్ను లెక్కలో అద్దె నష్టాన్ని జీతంలోంచి 25,000 డాలర్ల దాకా తగ్గించుకునే వెసులుబాటు ఆదాయం లక్ష డాలర్లు దాటాక తగ్గుతూ లక్షన్నర దగ్గర పోతుంది. సగటున ఏడు రోజుల లోపు అద్దెలకి ఈ కట్టుబాటు వేరు కదా అని ఎవరో చెబుతారు. నిజమే, కానీ దానికి ఏడాదిలో 500 గంటలో, లేదా 100 గంటలు దాటి అందరికంటే ఎక్కువో మీరు స్వయంగా పనిచేసినట్టు చూపించాలి. పన్నుకి పనికొచ్చే ఆ గంటల పట్టికే వీసాకి అడ్డం తిరుగుతుంది. పన్నుల లెక్కలు చూసే సీపీఏని, ఇమ్మిగ్రేషన్ లాయర్ని ఇద్దర్నీ అడిగాకే ముందుకు వెళ్ళండి.

స్థలం నచ్చాక దాని పార్సిల్ నంబరు (మన సర్వే నంబరులాంటిది) రాసి సిటీ ప్లానింగ్ డిపార్ట్‌మెంటుకి ఈమెయిల్ పంపండి. ఇక్కడ కనీస వైశాల్యం ఎంత, చక్రాల ఇంటిని నివాసంగా ఒప్పుకుంటారా, 30 రోజుల లోపు అద్దెకి ఇవ్వొచ్చా, నీళ్ళ, సీవర్ కనెక్షన్‌కి ఎంతవుతుంది అని అడగండి. ఫోన్‌లో చెప్పింది చాలదు, రాతపూర్వకంగా రావాలి. ఆఫర్ పెట్టేటప్పుడే, ఆ జవాబు అనుకూలంగా లేకపోతే డిపాజిట్ వెనక్కి వచ్చేలా మీ ఏజెంటుతో షరతు రాయించండి.