డెంగీ తీవ్రమవుతుందని రక్తంలోని జన్యువులు ముందే చెప్పగలవా?

కొంతవరకు చెప్పగలవు, అయితే ఇక్కడ మారేది జన్యువు కాదు, అది పనిచేసే జోరు. జ్వరం మొదలైన తొలి రోజుల్లో, వైరస్‌ను పసిగట్టిన రక్తకణాలలో ఇంటర్‌ఫెరాన్‌కు (వైరస్ సోకినప్పుడు శరీరం విడుదల చేసే రక్షక ప్రోటీన్) స్పందించే జన్యువులు ఒక్కసారిగా చురుకవుతాయి; నాలుగైదు రోజులకు అవి నెమ్మదించి, యాంటీబాడీలు తయారుచేసే కణాల విభజనకు సంబంధించిన జన్యువులు ముందుకు వస్తాయి. షాక్‌లోకి (రక్తప్రసరణ ప్రమాదకరంగా పడిపోయే స్థితి) జారిన రోగులలో ఇంటర్‌ఫెరాన్ స్పందన తక్కువగా, న్యూట్రోఫిల్ (ఒక రకం తెల్ల రక్తకణం) జన్యువుల చురుకుదనం ఎక్కువగా ఉన్నట్లు కొన్ని అధ్యయనాలు చూపాయి. ప్రమాదం సాధారణంగా జ్వరం తగ్గే వేళే, రక్తనాళాల నుంచి ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) బయటికి కారడంతో మొదలవుతుంది గనుక, అంతకుముందే అందే సంకేతం విలువైనది. 2022లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 8 జన్యువుల కొలతలతో, కొలంబియా రోగులలో తీవ్రతను ముందుగా అంచనా వేసే పద్ధతిని ప్రచురించారు. మన ఇళ్లలో అందరూ ప్లేట్‌లెట్ల సంఖ్యనే లెక్కపెడుతుంటారు గానీ, ప్రస్తుతానికి వైద్యులు ముఖ్యంగా గమనించేది హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) పెరుగుదల, కడుపునొప్పి, ఆగని వాంతుల వంటి హెచ్చరికలనే.