అయిదు వాట్ల పెట్టెకూ అనుమతి కావాలా?

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర ఒక పల్లె. మహిళా సంఘాల వాళ్లం, కొందరు రైతులు కలిసి రెండేళ్ల క్రితం ఒక సొసైటీ రిజిస్టర్ చేయించాం. ఇంజనీరింగ్ చదువుతున్న మా చెల్లెలి కొడుకు ఆన్‌లైన్‌లో అయిదు వాట్ల ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటర్ తెప్పించి, జాతర రెండు రోజులూ సాయంత్రం పూట సినిమా పాటలు, టమాటా ధరలు, పంచాయతీ కబుర్లు వినిపించాడు. చుట్టుపక్కల ఊళ్లకు కూడా సరిగా అందలేదు. అయినా ఇది నేరమని ఒకరు భయపెడుతున్నారు. ఇంత చిన్నదానికీ లైసెన్సు కావాలా? సర్పంచ్ గారు పంచాయతీ భవనంలో గది ఇస్తానంటున్నారు. వార్తలు చదవవచ్చా, ప్రకటనలు తీసుకోవచ్చా?

జవాబు: అమ్మా, ముందు ఆ పెట్టె ప్లగ్గు తీసేయించండి. మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం.

మిమ్మల్ని భయపెట్టిన వారు అబద్ధం చెప్పలేదు. అనుమతి లేకుండా ట్రాన్స్‌మిటర్ దగ్గర ఉంచుకోవడమే 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం కింద నేరం. మూడేళ్ల వరకు జైలు ఉండేది, జరిమానా మాత్రం వెయ్యి రూపాయలే. పాత చట్టాల స్థానంలో దశలవారీగా అమల్లోకి తెచ్చిన 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం, 42వ సెక్షన్‌లో, అనుమతి లేకుండా టెలికం సేవ అందించినా, నెట్‌వర్క్ ఏర్పాటు చేసినా రెండు కోట్ల రూపాయల దాకా జరిమానా పెట్టింది. జైలు మూడేళ్ల దాకా. మీ చెల్లెలి కొడుక్కి ఇవన్నీ పడతాయని కాదు, ఇవి గరిష్ఠ పరిమితులు. కానీ ‘చిన్నది కదా’ అన్న మాట కోర్టులో శిక్ష తగ్గించమని అడగడానికి పనికొస్తుందే తప్ప, నేరం కాదని చెప్పడానికి కాదు. అనుమతి పొందిన కమ్యూనిటీ రేడియోలకే, అంటే లాభాపేక్ష లేకుండా స్థానికుల కోసం నడిపే చిన్న ఎఫ్.ఎం. కేంద్రాలకే, మామూలుగా 100 వాట్ల హద్దు ఉంది. అంటే ఆ కమ్యూనిటీ రేడియో నిబంధనలు పుట్టిందే చిన్న రేడియోల కోసం.

ఇంత కాఠిన్యం ఎందుకో కూడా చెబుతాను. ఎఫ్.ఎం.కు కేటాయించిన ఫ్రీక్వెన్సీల పట్టీ 108 మెగాహెర్ట్జ్ దగ్గర ముగుస్తుంది. ఆ గీత దాటగానే విమానాలు దారి చూసుకునే, పైలట్లు మాట్లాడుకునే పట్టీ మొదలవుతుంది. సరైన ఫిల్టరు లేని చౌక పెట్టె తన గీత మీద నిలబడదు, పక్కకు ఒలుకుతుంది. ఒలికింది ఎక్కడ పడుతుందో మీ కుర్రాడికి తెలియదు.

‘గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టే చెప్పింది కదా’ అని నన్ను చాలామంది అడుగుతుంటారు. నిజమే, 1995 ఫిబ్రవరిలో బెంగాల్ క్రికెట్ సంఘం కేసులో చెప్పింది. అదే తీర్పులో, ప్రజల ఆస్తి కాబట్టే దాని వాడకాన్ని ప్రజల తరఫున ఒక ప్రాధికార సంస్థ నియంత్రించాలని కూడా ఉంది. సగం చదివి వాదనకు దిగితే మిగతా సగం ఎదుటి వకీలు చదివి వినిపిస్తాడు.

ఈ దెబ్బ మన ప్రాంతం ముందే తిన్నది. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల మహిళలు 2002లో ‘మన రేడియో’ పేరుతో అతి తక్కువ శక్తి గల ప్రసారం మొదలుపెడితే, 2003లో అధికారులు వచ్చి పరికరాలు పట్టుకెళ్లారు. జహీరాబాద్ దగ్గరి మాచ్‌నూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలది మరో దారి. యునెస్కో సాయంతో 1998 ప్రాంతంలోనే వాళ్లకు స్టూడియో అమరింది. లైసెన్సు లేదు. పదేళ్ల పాటు కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్లను సంఘం సమావేశాల్లో వినిపించారు. 2006లో కేంద్రం స్వచ్ఛంద సంస్థలకూ కమ్యూనిటీ రేడియో తలుపు తెరిచాక దరఖాస్తు చేసి, 2008 అక్టోబరు 15న సంఘం రేడియోగా గాలిలోకి వచ్చారు.

మీకు కూడా నేను చెప్పేది అదే దారి. ఎందుకంటే మీ సొసైటీకి రెండేళ్లే నిండాయి. దరఖాస్తు నాటికి సంస్థ రిజిస్టరై కనీసం మూడేళ్లు కావాలి, ఆ ప్రాంతంలో సేవ చేసిన దాఖలాలు కావాలి. ఈ ఏడాదిలో సమావేశాల మినిట్సు, ఆడిట్ లెక్కలు, చేసిన పనుల ఫొటోలు జాగ్రత్త చేసుకోండి. కార్యక్రమాలు రికార్డు చేసి సంఘం సమావేశాల్లో స్పీకరు పెట్టి వినిపించండి. గాలి తరంగాలు వాడరు కాబట్టి ప్రసార లైసెన్సు అక్కరలేదు. బయట మైకు పెడితే మాత్రం పోలీసు అనుమతి, రాత్రి 10 తర్వాత వద్దన్న నియమం గుర్తుంచుకోండి.

ఆ తర్వాత సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు. హోం, రక్షణ శాఖల వంటి వారి ఆమోదాలు వచ్చాక ఉద్దేశ పత్రం (లెటర్ ఆఫ్ ఇంటెంట్) ఇస్తారు. తర్వాత ఫ్రీక్వెన్సీ, టవరు స్థలానికి సాక్‌ఫా (రేడియో ఫ్రీక్వెన్సీల కేటాయింపుపై కేంద్ర సలహా కమిటీ) అనుమతి, ‘గోపా’ అని పిలిచే, మంత్రిత్వ శాఖతో చేసుకునే అనుమతి ఒప్పందం, చివరగా వైర్‌లెస్ లైసెన్సు. ట్రాన్స్‌మిటర్ కొనాల్సింది ఈ వరుస చివర్లో. మీ వాళ్లు కథను చివరి నుంచి మొదలుపెట్టారు, అంతే.

సర్పంచ్ గారి గది విషయం. అద్దెకు రాతపూర్వకంగా తీసుకుంటే నాకు అభ్యంతరం కనిపించదు. అయితే రాజకీయ పార్టీలకు, వాటి అనుబంధ సంస్థలకు ఈ అనుమతి ఇవ్వరు. ఎన్నికలప్పుడు మైకు ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న తప్పక వస్తుంది. నా మటుకు నేనైతే బడి దగ్గరో సంఘం భవనంలోనో గది వెతుక్కుంటాను.

వార్తలు చదవకూడదు. ఆకాశవాణి బులెటిన్‌ను మార్చకుండా ప్రసారం చేయడానికి వీలుంది, సొంత వార్తలకు లేదు. ఈ నిషేధం మీద కామన్ కాజ్ సంస్థ 2013లోనే సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఊరి మాటను ఊరివాళ్లే చెప్పుకోకూడదనడం నాకూ మింగుడుపడదు, కానీ నియమం నియమమే. వాతావరణం, పండుగలు, పరీక్షా ఫలితాలు, ఉద్యోగ ప్రకటనలు, స్థానిక అధికారులిచ్చే కరెంటు, నీళ్ల సమాచారం వార్తల కింద లెక్కించరు. టమాటా ధరల పేరు ఆ జాబితాలో లేదు. మార్కెట్ యార్డు ప్రకటించిన ధరను వ్యవసాయ కార్యక్రమంలో చదవడం వ్యవసాయ సమాచారమేనని నా అభిప్రాయం. ‘దళారులు కుమ్మక్కై ధర పడగొట్టారు’ అన్నారంటే అది వార్త అయిపోతుంది. పంచాయతీ కబుర్లలో ‘రేపు ఉదయం కుళాయి రాదు’ అనేది ఫర్వాలేదు, ‘ఎందుకు రాదో సర్పంచ్‌నే అడగండి’ అనేది వద్దు.

ప్రకటనలు తీసుకోవచ్చు. 2024లో సవరించిన మార్గదర్శకాలతో గంటకు 7 నిమిషాల పరిమితి 12 నిమిషాలైంది. ప్రభుత్వ ప్రకటనల ధర 10 సెకన్లకు 52 రూపాయల నుంచి 74 అయింది. ఊరి ఎరువుల దుకాణం, టైలరింగ్ శిక్షణ వంటివి బాగానే ఉంటాయి. ప్రైవేటు వ్యాపారులు ‘స్పాన్సర్’ చేసే కార్యక్రమాలు మాత్రం కుదరవు. రేడియో కార్యక్రమాలను చూసుకునే సలహా కమిటీలో సగం మంది మహిళలు ఉండాలన్న నియమం మీకు కష్టం కాదు. సినిమా పాటలకు హక్కుదారుల నుంచి లైసెన్సు, రాయల్టీ వేరే ఖర్చు. మీ ఊరి పాటలే రికార్డు చేసుకుంటే అది తప్పుతుంది, పైగా సగం కార్యక్రమాలు స్థానికుల భాగస్వామ్యంతోనే తయారవాలన్న షరతూ తీరుతుంది.

ప్రసారమైన ప్రతి నిమిషం మూడు నెలల పాటు భద్రపరచాలి. ఇది చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఎవరైనా ఫిర్యాదు చేసిన రోజు మీ దగ్గర రికార్డింగు లేకపోతే, మీరు ఏమి అనలేదో నిరూపించుకోలేరు. మొదటి ఉల్లంఘనకు నెల దాకా ప్రసారం ఆపించవచ్చు, రెండోదానికి మూడు నెలల దాకా. అనుమతి రద్దయితే అయిదేళ్లు మళ్లీ అడగడానికి లేదు.

ఇక జరిగిపోయిన ఆ రెండు సాయంత్రాల సంగతి. పెట్టెను తిరిగి ఆన్‌లైన్‌లో అమ్మకండి, ఇంకొకరికి ఇవ్వకండి. కొన్న బిల్లు దాచండి. ఎవరైనా అధికారి వస్తే మర్యాదగా గుర్తింపు కార్డు అడిగి, స్వాధీనం చేసుకుంటే పంచనామా ప్రతి తీసుకోండి, చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దని అబ్బాయికి చెప్పండి. ఆ బిల్లుతో ఈ వారంలోనే మదనపల్లెలో ఒక క్రిమినల్ న్యాయవాదిని కలిసి, పెట్టెను అధికారులకు అప్పగించాలా, ఏ లేఖతో అప్పగించాలా అన్నది ఆయన చేత రాయించుకోండి. రేపు దరఖాస్తులో దీని గురించి అడిగితే దాచవద్దు.