పాకుడు చదివితే బతుకుదెరువు ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి హనుమకొండలో బీఎస్సీ బీజడ్‌సీ చివరి ఏడాది చదువుతోంది. ఎమ్మెస్సీ బోటనీ చేసి, చెరువుల్లోని సూక్ష్మ నాచు మీద పరిశోధన చేస్తానంటోంది. మేమేమో బీఈడీ చేయమంటున్నాం. నాచుతో ఉద్యోగం వస్తుందా?
– ఒక తండ్రి, నర్సంపేట

జవాబు: వస్తుందండీ. కాకపోతే నాచు నిపుణులు కావాలంటూ నోటిఫికేషన్ పడదు. నీటి నాణ్యత తెలిసిన మనిషిగా ఆమెను తీసుకుంటారు. నాచును గుర్తుపట్టే నేర్పు ఉన్నవాళ్లు తక్కువ కాబట్టి అది ఆమెకు అదనపు బలం.

ఆ చదువులో ఏముందో మీరూ తెలుసుకోండి. డయాటమ్‌లు అనే ఏకకణ నాచుకు సిలికా పెంకు ఉంటుంది. ఒక్కో జాతికి ఒక్కో రకం నీళ్లు పడతాయి. మురుగు కలిసినచోట నిట్జ్‌షియా పాలియా లాంటివి పెరుగుతాయి. బాటిల్లో పట్టిన నీళ్లు ఆ పూట సంగతే చెబుతాయి, రాతి మీది పాకుడులో ఉండే డయాటమ్‌లు కొన్ని వారాల సంగతి చెబుతాయి. పూడికలో చిక్కిన పెంకులైతే వందల ఏళ్లయినా చెదరవు. 1980లలో స్కాట్లాండ్ సరస్సుల అడుగుమట్టిని పొరపొరా పరీక్షించే, ఆమ్లవర్షాలే వాటిని పాడుచేశాయని తేల్చారు. మీ పక్కనే ఉన్న పాకాల కాకతీయులు తవ్వించిన చెరువు. అలాంటిచోట పూడిక తీయని, ఎండని భాగం దొరికితే ఎంత సమాచారం ఉంటుందో ఆలోచించండి! మీ అమ్మాయి ఆసక్తి చాలా విలువైనది.

పని మాత్రం ఓపికతో కూడుకున్నది. రాయిని టూత్‌బ్రష్‌తో రుద్ది పాకుడు తీయాలి, ల్యాబ్‌లో ఆమ్లంతో శుభ్రం చేయాలి, వెయ్యి రెట్లు పెద్దగా చూపే మైక్రోస్కోప్ కింద ఒక్కో స్లైడులో 300–400 పెంకులు గుర్తించి లెక్కపెట్టాలి. పూటంతా అలా కూర్చోగలదేమో కాలేజీ ల్యాబ్‌లోనే ఒకసారి చేసి చూడమనండి. విసుగొస్తే ఈ దారి వద్దు.

నచ్చితే సీపీగెట్ (తెలంగాణలో పీజీ ప్రవేశపరీక్ష) రాసి కాకతీయ యూనివర్సిటీలో చేరవచ్చు. నాచుతోపాటు నీటి రసాయన పరీక్షలు, స్టాటిస్టిక్స్, జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపుల మీద సమాచారాన్ని విశ్లేషించే పద్ధతి) తప్పక నేర్చుకోవాలి. ఉద్యోగాలిచ్చే పర్యావరణ ల్యాబ్‌లు, కన్సల్టెన్సీలు ముందు చూసేవి అవే. నీట మునిగి చనిపోయిన కేసుల్లో ఫోరెన్సిక్ ల్యాబ్‌లు కూడా డయాటమ్ పరీక్ష చేస్తాయి. పరిశోధనకైతే సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ స్థాయి పరీక్ష రాయాలి. అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు అందుతాయి. పుణెలోని అఘార్కర్ పరిశోధన సంస్థలో డయాటమ్‌ల మీదే పనిచేసే బృందం ఉంది.

బీఈడీని వదులుకోనక్కర్లేదు, ఎమ్మెస్సీ తర్వాత చేయించండి. రెండూ ఉంటే గురుకులాల్లో పీజీటీ (పోస్ట్ గ్రాడ్యుయేట్ టీచర్) పోస్టులకూ పోటీపడవచ్చు. ఇప్పుడు మాత్రం సీపీగెట్ నోటిఫికేషన్ కోసం చూస్తూ, బోటనీ సిలబస్ తిరగేయమనండి.